చీమల గూట్లో రెండు వందల ఏళ్లు

వడ్రంగి పిట్ట అనగానే మనసులో మెదిలే బొమ్మ ఒకటే. ఎండిన మాను, దాన్ని నిట్టనిలువునా కరుచుకున్న పిట్ట, టకటకమనే ముక్కు, కింద రాలిన చెక్కపొట్టు, చివరికి ఒక గుండ్రటి తొర్ర. మహబూబాబాద్ జిల్లా గంగారం చుట్టుపక్కల అడవుల్లో ఈ బొమ్మకు అచ్చంగా సరిపోయే వడ్రంగులకు కొదవ లేదు. బంగారు వీపు వడ్రంగి అయితే తన అరుపుతోనే ఊరందరికీ తెలుసు. కానీ అదే కుటుంబంలో ఒక పిట్ట ఈ బొమ్మలో ఇమడదు. అది కొమ్మకు కట్టిన నల్లచీమల గూటిని తొలిచి, చీమలు లోపల ఉండగానే అందులో గుడ్లు పెడుతుంది. పిల్లలకు తెచ్చి పెట్టేదీ ఎక్కువగా చీమలనే. పుస్తకాల్లో దాని పేరు రూఫస్ వుడ్‌పెకర్. ఇక్కడ ఎర్ర వడ్రంగి అనుకుందాం.

హిమాలయాల దిగువ కొండల్లో మొదలై పడమటి కనుమలు, తూర్పు కనుమలు, శ్రీలంక, బర్మా, దక్షిణ చైనా, మలయా, సుమత్రా, బోర్నియో, జావా దాకా ఈ జాతి పరుచుకుని ఉంది. గోదావరి లోయ అడవులు ఆ విస్తృతిలోనివే. అందులో మన వైపు ముక్క ఒకటి: పాకాల, ఏటూరునాగారం అభయారణ్యాల నడుమ ఉన్న కొత్తగూడ, గంగారం అడవులు. 2016 అక్టోబరులో జిల్లాలను విడదీసినప్పుడు కొత్తగూడ నుంచి విడిపోయి గంగారం మండలమైంది, వరంగల్ నుంచి విడిపోయి మహబూబాబాద్ జిల్లాలో చేరింది. పొనుగొండ్ల, కోడిశెలమిట్ట, మడగూడెం, జంగాలపల్లి, తిరుమలగండి. ఎక్కువగా కోయ గూడేలు. మేడారం జాతర వచ్చిందంటే సమ్మక్క భర్త పగిడిద్దరాజు బయలుదేరేది పొనుగొండ్ల నుంచే. పెనక వంశం పూజారులు ఆయన్ని భుజాన పెట్టుకుని అడవిదారుల్లో కాలినడకన మేడారం చేరుస్తారు. రెండేళ్లకోసారి మాఘమాసంలో జరిగే ఈ నడక, ఎర్ర వడ్రంగి జతకట్టే రోజులు మొదలయ్యే వేళకే వస్తుంది. డోలు మోతల మధ్య దాని మోత ఎవరి చెవిన పడుతుంది గానీ, మామూలు రోజుల్లో వింటే మాత్రం మరిచిపోలేం. మిగతా వడ్రంగుల దరువు మొదటి నుంచి చివరి దాకా ఒకే వడిలో సాగి టక్కున తెగిపోతుంది. దీనిది అలా కాదు. వడిగా మొదలై, దెబ్బకూ దెబ్బకూ మధ్య ఎడం పెరుగుతూ, పెట్రోలు అయిపోయిన మోటారు సైకిల్ ఇంజను లాగా తగ్గి తగ్గి ఆగిపోతుంది. ఒంటిని చూడకుండానే జాతిని చెప్పేయగల గుర్తు అది. అరుపు వేరే. ముక్కుతో అన్నట్టు గబగబా మూడు కేకలు.

ఒంటికి వస్తే, గోరింకంత పిట్ట. పాతిక సెంటీమీటర్ల పొడవు. ఒళ్లంతా ఎర్రమన్ను రంగు, రెక్కల మీదా తోక మీదా నల్లటి అడ్డచారలు. నెత్తి మీద కుచ్చు ఉన్నా నిక్కబొడుచుకోదు, చెదిరిన జుట్టులా వెనక్కి వాలి ఉంటుంది. మగదానికి కంటి కింద చిన్న ఎర్ర మచ్చ, ఆడదానికి అదీ లేదు. ముక్కు పొట్టి, నలుపు, కాస్త వంపు. గట్టి చేవ మానును తొలిచే ముక్కు కాదది. వెనకవేలు మరీ చిన్నది. ఇంత దూరం అందరూ రాసినదే. అసలు విశేషం పిట్టను చేతిలోకి తీసుకుని చూసినవాళ్లు రాశారు. తల ఈకలూ తోక ఈకలూ జిగురు పూసినట్టు అంటుకుపోయి ఉంటాయి, ఆ జిగురులో చీమల తలకాయలు ఇరుక్కుని ఉంటాయి. ఒళ్లు తెగి కింద పడ్డాక కూడా చీమ పట్టు వదలలేదన్నమాట. పిట్ట కూడా చీమల వాసన కొడుతుంది. అందంగా బొమ్మ వేయించుకునే పిట్ట కాదిది. ఆ వికారమే దాని బతుకుతెరువు గుర్తు.

ఆ చీమల సంగతీ కాస్త చెప్పుకోవాలి, లేకుంటే పిట్ట కథ సగమే అవుతుంది. శాస్త్రంలో వీటి ప్రజాతి క్రెమటోగాస్టర్. కదిలిస్తే పొట్టను వీపు మీదుగా తల వైపు ఎత్తి పట్టుకుంటాయి, అడవిలో తిరిగేవాళ్లు వాటిని పోల్చుకునేది ఆ ఎత్తుతోనే. సూది దింపవు, విషాన్ని పూస్తాయి. ఆకుపీచునూ చెక్కపొడినీ నమిలి ఉమ్మితో కలిపి అట్టలాంటి గూడు కడతాయి. కొబ్బరికాయంత నుంచి పెద్ద గుమ్మడికాయంత దాకా ఉంటుంది. పైపైన చూస్తే కొమ్మకు అంటుకున్న ఎండుపేడ ముద్ద. లోపల అరలు, అరల్లో గుడ్లు, పిల్లలు, ఒకటో రెండో రాణులు. చెట్ల రసం పీల్చే పురుగులను కాపు కాసి వాటి నుంచి తీపి పిండుకుంటాయి, గూటి మీద ఎవరు చెయ్యి వేసినా వందలుగా బయటికి వస్తాయి. ఎర్ర వడ్రంగి ఎంచుకునేది, వాటి మనుగడ సాగుతున్న అలాంటి గూటినే. ఫిబ్రవరి నుంచి జూన్ లోపు, తొలకరికి ముందు, పక్కనుంచి సొరంగం తొలిచి లోపల చిన్న గది చేసుకుంటుంది. పలుచటి పెంకున్న తెల్లటి గుడ్లు రెండో మూడో. పొదిగే రోజుల్లోనే వాటికి మరకలు పడతాయి. పన్నెండు నుంచి పద్నాలుగు రోజులు ఆడా మగా వంతులవారీగా పొదుగుతాయి, పిల్లలను ఇద్దరూ మేపుతారు.

చీమలు పిల్లలను ఎందుకు తినవు, పిట్ట గూటినంతా ఎందుకు ఖాళీ చెయ్యదు? ఈ ప్రశ్న పక్షిశాస్త్రాన్ని చాలాకాలం వేధించింది. దాన్ని అడగగలిగే స్థితికి రావడానికే డెబ్బై ఎనభై ఏళ్లు పట్టింది. ఆ ప్రయాణం మన నెల్లూరు మీదుగా సాగింది.

1818లో పారిస్‌లో లూయీ వియ్యో అనే పక్షిశాస్త్రజ్ఞుడు జావా నుంచి వచ్చిన నమూనాను చూసి ఈ జాతికి తొలి శాస్త్రనామం పెట్టాడు. కాగితం మీద పక్షికి బతుకు అలా మొదలైంది: దూది కుక్కిన తోలుగా, కాలికి చీటీతో. అది ఏం తిన్నదో, ఎక్కడ పొదిగిందో చీటీ మీద ఉండదు. తరువాత కలకత్తాలో ఏషియాటిక్ సొసైటీ మ్యూజియం చూసే ఎడ్వర్డ్ బ్లిత్ 1845లో దీనికని వేరే ప్రజాతి నిర్మించి మైక్రోప్టెర్నస్ అన్నాడు. బ్లిత్‌కు తోళ్లు పంపేవాళ్లు దేశమంతా ఉన్నారు. వాళ్లలో ఒకడు థామస్ జెర్డన్.

జెర్డన్ ఈస్టిండియా కంపెనీ మద్రాసు కొలువులో వైద్యుడు. 1835లో చేరాడు. గంజాంలో సైన్యం వెంట తిరిగి, తిరుచినాపల్లి, నీలగిరుల మీదుగా 1840లలో నెల్లూరు సివిల్ సర్జన్‌గా వచ్చాడు. తెలుగు నేలకు ఆయన పేరు ఎక్కువగా కలివికోడి వల్ల గుర్తు. జెర్డన్స్ కోర్సర్ అని బ్లిత్ 1848లో పేరు పెట్టిన ఆ పిట్టే కడప జిల్లా లంకమల దగ్గర 1986లో తిరిగి దొరికి, తెలుగుగంగ కాలువ దారినే మళ్లించింది. ఎర్ర వడ్రంగికీ ఆయనే పేరు ఇచ్చాడు, అనుకోకుండా. ఫ్రాన్స్‌లోని మెట్జ్ నగరంలో న్యాయమూర్తిగా పనిచేస్తూ తీరిక వేళల్లో ప్రపంచంలోని వడ్రంగి పిట్టలన్నిటినీ కాగితం మీదికి ఎక్కించే పని పెట్టుకున్న ఆల్ఫ్రెడ్ మల్హెర్బ్, దక్షిణాది రకానికి 1849లో జెర్డనీ అని పేరు పెట్టాడు. నేటికీ ద్వీపకల్పంలోనూ శ్రీలంకలోనూ ఉన్న ఉపజాతి పేరు అదే. గంగారంలో మోటారు సైకిల్‌లా ఆగిపోయే దరువు వినిపిస్తే అది నెల్లూరు డాక్టరు పేరిట నమోదైన పిట్టదే. జెర్డన్ మాత్రం 1862లో మొదలుపెట్టిన తన ‘బర్డ్స్ ఆఫ్ ఇండియా’లో దాన్ని మద్రాసు రూఫస్ వుడ్‌పెకర్‌గానే రాసుకున్నాడు.

ఇక్కడ నన్ను ఆపి నిలబెట్టే సంగతి వేరే ఉంది. జెర్డన్ చీమల మనిషి కూడా. 1851లో మద్రాసు సాహిత్య శాస్త్ర పత్రికలో దక్షిణ భారతదేశపు చీమల జాబితా అచ్చు వేయించాడు. ఎగిరి దూకే చీమ, హార్పెగ్నాథస్ సాల్టేటర్‌ను లోకానికి చెప్పింది ఆ జాబితానే. అంతకు పదహారేళ్ల ముందే, 1835లో, కల్నల్ సైక్స్ పుణే వైపు చెట్ల మీద పేడతో కట్టిన చీమల గూళ్లను గురించి రాసి ఉన్నాడు. పిట్ట ఒక చేతిలో, చీమ మరో చేతిలో ఉన్న మనిషి ఆ కాలంలో దక్షిణాదిన జెర్డన్ ఒక్కడే అనుకుంటాను. అయినా ఆ రెంటినీ పెళ్లి చేసిన ఘనత ఆయనకు దక్కలేదు. తప్పు ఆయనది కాదు. ఆనాటి పని తీరే అంత. పక్షులకు ఒక పెట్టె, పురుగులకు ఒక పెట్టె, వాటిని ఏరి తెచ్చే నౌకర్లు వేరు, రాసే పత్రికలు వేరు. పిట్టను తుపాకితో కొట్టి దించేసరికి అది కూర్చున్న కొమ్మ కథ కొమ్మ మీదే ఉండిపోతుంది.

గూటి రహస్యం బయటపడింది గుడ్లు సేకరించే పిచ్చి మొదలయ్యాక. గుడ్డు కావాలంటే చెట్టెక్కక తప్పదు కదా. 1870, 80లలో ఆ పిచ్చికి పెద్దదిక్కు అలన్ ఆక్టేవియన్ హ్యూమ్. 1885లో కాంగ్రెస్‌కు పునాది వేసినవాడుగా మనం చదువుకున్న హ్యూమే. సిమ్లా ఇంట్లో దాదాపు 80 వేల పక్షుల నమూనాలు పోగేశాడు, ‘స్ట్రే ఫెదర్స్’ అని సొంతంగా పత్రిక నడిపాడు, తోటల యజమానులనూ సైనికులనూ అటవీ అధికారులనూ ఊదరగొట్టి గూళ్ల మీద ఉత్తరాలు రాయించాడు. చీమల గూడు తొలిచి అందులో తెల్లటి గుడ్లు పెట్టే వడ్రంగి గురించి సిక్కిం నుంచి, బర్మా నుంచి కబుర్లు వచ్చాయి. హ్యూమ్ రాతప్రతులను నౌకరు చిత్తుకాగితాల కింద బజారులో అమ్మేశాడు. ఆ దెబ్బకు ఆయన పక్షులనే వదిలేశాడు, సేకరణనంతా 1885లో లండన్ మ్యూజియానికి ఇచ్చేశాడు. మన రాజకీయ చరిత్రకు ఒక మనిషి పూర్తిగా దొరకడానికి పొట్లాలు కట్టుకునే కాగితం ఎంత సాయం చేసిందో లెక్క వేయాల్సిందే. ఏమైతేనేం, 1895లో బ్లాన్‌ఫర్డ్ ‘ఫానా ఆఫ్ బ్రిటిష్ ఇండియా’ పక్షుల మూడో సంపుటం వచ్చేనాటికి ఎర్ర వడ్రంగి చీమల గూట్లో పొదుగుతుందన్నది వింత కబురు కాదు, పాఠం. 1918లో పడమటి హిమాలయాల రకానికి క్లాస్ అనే శాస్త్రజ్ఞుడు హ్యూమ్ పేరే పెట్టాడు.

అలా పక్షి కథ మ్యూజియంలలో నడుస్తుండగా, ఆ పక్షి ఉండే అడవి కథ వేరే దస్త్రాల్లో నడిచింది.

పాకాల చెరువు కాకతి గణపతిదేవుని కాలంలో జగదాల ముమ్మడి కట్టించినది. అదే 13వ శతాబ్దంలో రామప్ప, లక్నవరం. అడవిని కొంత నరికి, కొంత ముంచి, మిగతాది వాననీటి కోసం కాపాడుకున్న కాలం అది. చెరువు నిండాలంటే ఎగువ గుట్టల మీద చెట్టు ఉండాలని వాళ్లకు తెలుసు. నిజాముల కాలానికి పాకాల అడవులు పులుల వేటకు పేరుపడ్డాయి. అడవి మీద అసలు కన్ను పడింది మాత్రం రైలు వచ్చాకనే. నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే 1886లో వరంగల్ చేరింది, 1889కి మానుకోట, డోర్నకల్ మీదుగా బెజవాడ దాకా సాగింది. డోర్నకల్ నుంచి సింగరేణి బొగ్గు దారి చీలింది. పట్టాల కింద వేయడానికి దుంగలు కావాలి, గనుల్లో పైకప్పు కూలకుండా నిలబెట్టడానికి కర్ర కావాలి. ఆనాటి నుంచి అడవి అంటే టేకు ఎంత, మద్ది ఎంత, వెదురు ఎంత అన్న లెక్క. ఆ లెక్కలో వంకర చెట్టుకు, తొర్ర చెట్టుకు, ఎండిన చెట్టుకు చోటు లేదు. ఉంటే గింటే తీసేయవలసిన చెట్ల జాబితాలో ఉంటుంది. అడవిని ‘బాగుచేయడం’ అంటే ముసలివాటినీ రోగిష్టివాటినీ ఏరివేయడం. ఎర్ర వడ్రంగికి కావలసిన చీమలు గూడు కట్టేదీ, ఆహారం వెతికేదీ ఎక్కువగా అలాంటి చెట్ల దగ్గరే.

నిజాం ప్రభుత్వం పక్షులకూ ఒకసారి డబ్బు పెట్టింది. బెర్లిన్‌లో ఎర్విన్ స్ట్రెసెమాన్ దగ్గర పని నేర్చుకుని తిరిగివచ్చి, ఉద్యోగం లేకుండా ఉన్న సలీం అలీ 1931, 32లలో హైదరాబాద్ రాజ్యమంతా తిరిగి పక్షుల సర్వే చేశాడు. భార్య తెహ్మినా వెంట ఉంది. నివేదిక 1933, 34లలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో విడతలుగా వచ్చింది, ఇంగ్లండులో కూర్చుని హ్యూ విస్లర్ దానికి వ్యాఖ్యలు జోడించాడు. ఆ తరువాత తిరువాన్కూరు, బస్తర్, కచ్ సంస్థానాల్లో సలీం అలీ చేసిన సర్వేలన్నిటికీ హైదరాబాదే తొలి పాఠం. ఇక్కడి అడవి పక్షులను ఒక పద్ధతిలో రాసిపెట్టిన తొలి పని అది, చాలాకాలం చివరి పని కూడా.

ఎందుకంటే ఆ తరువాత ఈ అడవుల్లోకి వచ్చినవాళ్లు పక్షుల కోసం రాలేదు. 1948 తరువాత సాయుధ పోరాట దళాలు పాకాల నుంచి గోదావరి దాకా ఈ అడవుల్లోకే వెనక్కి తగ్గాయి, వాటి వెంట సైన్యమూ వచ్చింది. 1950ల మొదట్లో పాకాలనూ ఏటూరునాగారాన్నీ అభయారణ్యాలుగా ప్రకటించారు. ఒక్కొక్కటి 800 చదరపు కిలోమీటర్లకు పైనే. అప్పటికి అభయం అంటే పులికీ అడవిదున్నకూ. డెబ్బైల తరువాత నక్సలైట్ దళాల కాలం. మూడు దశాబ్దాలకు పైగా కొత్తగూడ, గంగారం పేర్లు పత్రికల్లో ఎదురుకాల్పుల వార్తల్లోనే కనబడ్డాయి. చేతిలో దుర్భిణి పట్టుకుని తెల్లవారుజామున అడవిలో తిరిగేవాణ్ని అటువాళ్లూ ఇటువాళ్లూ అనుమానించే రోజులు. పక్షుల లెక్కల్లో పశ్చిమ కనుమలు చిక్కగా, ఈ పక్క పలుచగా ఉండటానికి ఇది ఒక పెద్ద కారణమని నా నమ్మకం.

గుజ్జు మిల్లుల కాలం కూడా అదే. భద్రాచలం దగ్గర సారపాకలో కాగితం మిల్లు, మంగపేట కమలాపురంలో రేయాన్ గుజ్జు ఫ్యాక్టరీ లేచాయి. 1975లో ఏర్పడిన అటవీ అభివృద్ధి సంస్థ మిశ్రమ అడవి తీసేసిన చోట జామాయిల్ వేసింది. జామాయిల్ తోటలో ఓ పూట నిలబడి చూడండి. బెరడు ఏటా ఊడి పడుతుంది, మాను నున్నగా తేలుతుంది, వయసు మీరకముందే నరుకుతారు. చీమ అట్టగూడు కట్టి, అది పెరిగి పెద్దదై, ఒక పిట్ట దాన్ని నమ్మి గుడ్లు పెట్టేంత వ్యవధి ఆ తోట ఇవ్వదు. కమలాపురం ఫ్యాక్టరీ 2014లో మూతపడింది. జామాయిల్ మాత్రం పోలేదు, రైతుల పట్టా భూముల్లోకి పాకింది.

పోడును గురించి అడవి ప్రేమికులు మాట్లాడే తీరు నాకు ఎప్పుడూ సగమే నచ్చుతుంది. పోడు కొట్టినప్పుడు అడవి పోతుంది, కాదనలేం. 2023 జూన్ చివర్లో రాష్ట్ర ప్రభుత్వం పోడు పట్టాలు పంచడం మొదలుపెట్టింది, విస్తీర్ణం నాలుగు లక్షల ఎకరాల పైచిలుకు. కానీ కోయ రైతు చెలకలో ఇప్ప చెట్టు నిలబడే ఉంటుంది. తునికి ఉంటుంది, చింత ఉంటుంది, గట్టు మీద మోదుగ ఉంటుంది. ఇప్ప పువ్వు ఇచ్చే చెట్టును నరికే వెర్రివాడు గూడెంలో ఉండడు. ఆ చెట్లకు వయసుంది, కొమ్మల్లో చీమల గూళ్లున్నాయి. పక్షి కంటితో చూస్తే పోడు చెలక జామాయిల్ కన్నా మేలు. దీనికి ఊతమిచ్చే సంగతి ఒకటి కేరళ నుంచి వచ్చింది. వయనాడులో నీడ చెట్ల కింద పెంచే కాఫీ తోటలను చూసిన విష్ణుదాస్ 2008లో ‘ఇండియన్ బర్డ్స్’ పత్రికలో రాశాడు: అక్కడ ఎర్ర వడ్రంగి బతుకు క్రెమటోగాస్టర్ చీమల మీదే ఆధారపడి ఉంది, ఇంకా ఎన్నో అడవి పక్షులు ఆ చీమలనే తింటున్నాయి, నీడ చెట్లు పోతే చీమ పోతుంది. ఆ పత్రిక అప్పుడు ఆశీష్ పిట్టి సంపాదకత్వంలో మన హైదరాబాదు నుంచే వచ్చేది. తెలుగు నేల మీద ఈ కుటుంబాన్ని ఎరిగిన మరో మనిషి మదనపల్లె దగ్గర రిషి వ్యాలీలో పనిచేసిన వి. శాంతారాం. పడమటి కనుమల్లో ఒకే అడవిని వడ్రంగి జాతులన్నీ గొడవ లేకుండా ఎలా పంచుకుంటాయన్నది ఆయన పీహెచ్‌డీ. ఎర్ర వడ్రంగి వాటా అందులో స్పష్టం: మిగతావి మాను లోపలి పురుగు కోసం పోటీపడుతుంటే ఇది చీమల మీద బతికేస్తుంది. మోదుగ, బూరుగు పూసినప్పుడు తేనె తాగుతుంది, మర్రి జాతి పళ్లు తింటుంది, అరటి మట్ట మొదట్లో ఊరే నీరు కూడా పీలుస్తుంది. ఇవన్నీ చిరుతిళ్లే.

చీమ మీద ఇంత ఆధారపడటమే శాస్త్రజ్ఞులను ఒకసారి దారి తప్పించింది. దక్షిణ అమెరికా అడవుల్లో సీలియస్ అనే వడ్రంగుల ప్రజాతి ఉంది. అవీ గోధుమ, ఎరుపు రంగుల్లోనే, కుచ్చు జుట్టుతోనే, చీమలూ చెదలూ తింటూనే ఉంటాయి. పోలిక చూసి ఇరవయ్యో శతాబ్దపు చివరి భాగంలో బ్లిత్ కట్టిన మైక్రోప్టెర్నస్‌ను రద్దు చేసి మన పిట్టను సీలియస్‌లో కలిపేశారు. ఆసియాలో ఉన్న ఏకైక సీలియస్ అని పుస్తకాలు రాశాయి. ఈ పిట్ట చుట్టాలు పసిఫిక్ అవతల ఎలా ఉండిపోయారన్న దానికి వివరణలు అల్లుకున్నారు. 2006లో బెంజ్, రాబిన్స్, పీటర్సన్ డీఎన్‌ఏ చదివి చెప్పారు: అటు చుట్టరికం ఏమీ లేదు, దీని దగ్గరి బంధువులు ఆగ్నేయాసియాలోని మైగ్లిప్టెస్ వడ్రంగులు. చీమల తిండి వేరు వేరు ఖండాల్లో వేరు వేరు పిట్టలకు ఒకే తీరు వేషం కట్టించింది, అంతే. మైక్రోప్టెర్నస్ తిరిగి వచ్చింది. తోలు చూసి, వెనకవేలు చూసి 1845లో బ్లిత్ తీసుకున్న నిర్ణయమే చివరికి నెగ్గింది. తోలును మాత్రమే చూసినవాళ్ల మీద ఇందాక విసుర్లు విసిరాను గానీ, తోలును బాగా చూడటమూ ఒక విద్యే.

వడ్రంగి కుటుంబం గురించి మనం చిన్నప్పటి నుంచి విన్న ఇంకో మాటా ఈ మధ్యే తేలిపోయింది. అంత గట్టిగా కొడుతున్నా మెదడు అదరకుండా పుర్రెలో స్పంజి లాంటి ఎముక ఉంటుందని, దాన్ని చూసి హెల్మెట్లు చేయవచ్చని చెప్పుకునేవాళ్లం. 2022లో బెల్జియం ఆంట్వర్ప్ విశ్వవిద్యాలయంలో వాన్ వాసెన్‌బెర్గ్ బృందం వడ్రంగులు కొట్టే దెబ్బలను వేగంగా చిత్రించే కెమెరాలతో కొలిచి చూసింది. పుర్రె దెబ్బను మెత్తబరచదు, గట్టి సుత్తిలా నేరుగా దించుతుంది. మెత్తబరిస్తే చెక్క తెగదు. మెదడు చిన్నది కాబట్టి తట్టుకుంటుంది.

ఎర్ర వడ్రంగి ఇవాళ అంతరించే జాబితాలో లేదు. దాని పెద్ద చుట్టాల గతి వేరు. అమెరికాలో దంతపు రంగు ముక్కున్న ఐవరీ బిల్డ్ వడ్రంగి అందరూ ఒప్పుకునేలా చివరిసారి కనిపించింది 1944లో, లూయిసియానాలో సింగర్ కుట్టుమిషన్ల కంపెనీకి చెందిన అడవిని దుంగల కోసం నరికేస్తున్నప్పుడు. మన పడమటి కనుమల్లోనూ బస్తర్‌లోనూ ఉండే పెద్ద నల్ల వడ్రంగి, తెల్లపొట్టది, దక్షిణ కొరియాలో 1968లో జాతీయ సహజ సంపదగా ప్రకటించుకున్నా నిలవలేదు, జపాన్ సుషిమా దీవిలో అంతకు ముందే పోయింది. ఆ రెండూ లావాటి పాత మానుల మీద, వాటి బెరడు కింది పురుగుల మీద బతికేవి. పెద్ద మాను పోయిన చోట వాటి కథ అయిపోయింది. ఎర్ర వడ్రంగికి లావు మాను అక్కర్లేదు, చీమ నిలిచిన కొమ్మ చాలు. అందుకే రైలు దుంగల కాలాన్నీ గుజ్జు మిల్లుల కాలాన్నీ దాటి వచ్చింది. అడవి శాఖ దస్త్రాల్లో చీమల గూడుకు కాలమ్ లేకపోవడం ఇన్నాళ్లూ దానికి ఒక రకంగా రక్షణే: లెక్కలోకి రాని దాన్ని అమ్మలేరు. కానీ లెక్కలోకి రాని దాన్ని కాపాడటమూ కుదరదు.

2024 ఆగస్టు 31న గంగారానికి ఈశాన్యంగా, తాడ్వాయి, మేడారం మధ్య అభయారణ్యంలో సుడిగాలి విరుచుకుపడి అడవిని నేలకు పరిచింది. తొలి అంచనాల్లోనే కూలిన చెట్లు 50 వేలు, విస్తీర్ణం 200 హెక్టార్లు. నల్లమద్ది, జువ్వి, మారేడు అన్న తేడా లేకుండా వేళ్లతో లేచిపోయాయి. పత్రికలు రెండు ప్రశ్నలు వేశాయి, గాలి ఎక్కడి నుంచి వచ్చింది, కలప విలువ ఎంత. పడిన చెట్టులో చెదలు చేరతాయి, చీమలు చేరతాయి, బూజు చేరుతుంది, వాటి వెంట పిట్టలు చేరతాయి. ఆ పడిన మాను మీద మొదట అధికారం ఎవరిది అన్న ప్రశ్నకు సుప్రీంకోర్టు 2000 ఫిబ్రవరి 14నే జవాబిచ్చి ఉంది. గోదావర్మన్ కేసులో ఇచ్చిన ఆ ఉత్తర్వు ప్రకారం అభయారణ్యాల్లో, జాతీయ పార్కుల్లో చచ్చిన చెట్టును గానీ, చావబోతున్న చెట్టును గానీ, గాలికి పడిన చెట్టును గానీ బయటికి తరలించకూడదు. అడవిని ‘బాగుచేసే’ నూరేళ్ల పద్ధతికి మన దేశంలో పడిన తొలి గట్టి అడ్డుకట్ట అది. కానీ ఆ ఉత్తర్వు అభయారణ్యం హద్దు రాయి దగ్గరే ఆగిపోతుంది. రాయికి ఇవతల రిజర్వు అడవిలో అదే గాలికి అదే జాతి చెట్టు పడితే కొలిచి, ముద్ర కొట్టి, డిపోకు తోలుకుపోవచ్చు. గంగారం అడవుల్లో ఎక్కువ భాగానికి సంబంధించినంత వరకు ఆ రాయి ఎక్కడ ఉందన్నదే ఇప్పుడు తేల్చుకోవలసిన సంగతి.